అరోనియన్–ఆనంద్ 2013: 12.గుర్రం జి5కి ...సి5 నిజంగా ఆడదగ్గదేనా? మెరాన్ ఆడేవాళ్ళు చెప్పండి

డి5_సి6_ఇ6 (ప్రశ్న)

నమస్కారం. చదరంగంలో నల్ల పావులతో సెమీ స్లావ్ (తెల్ల 1.డి4కి డి5, సి6, ఇ6 బంట్లతో జవాబిచ్చే ఓపెనింగ్, అంటే ఆట ఆరంభ పద్ధతి) ఆడుతున్నాను, రేటింగ్ 1650. వచ్చే క్లాసికల్ టోర్నీకి మెరాన్‌లో (సెమీ స్లావ్‌లో 6...డి×సి4, 7...బి5 ఆడే శాఖ) 8...బిషప్ డి6 లైన్ సిద్ధం చేసుకుంటున్నాను. దానికి నమూనాగా తీసుకున్నది వైక్ ఆన్ జీలో 2013 జనవరి టాటా స్టీల్ నాలుగో రౌండ్ గేమ్, తెల్ల అరోనియన్, నల్ల ఆనంద్. ఎత్తులు ఇవి (× అంటే కొట్టడం, + అంటే షా, అంటే రాజు మీద దాడి, 0–0 అంటే కోట కట్టడం, ... ముందున్నది నల్ల ఎత్తు):

1.డి4 డి5 2.సి4 సి6 3.గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 4.గుర్రం సి3 ఇ6 5.ఇ3 గుర్రం బి–డి7 6.బిషప్ డి3 డి×సి4 7.బిషప్×సి4 బి5 8.బిషప్ డి3 బిషప్ డి6 9.0–0 0–0 10.క్వీన్ సి2 బిషప్ బి7 11.ఎ3 రూక్ సి8 12.గుర్రం జి5 సి5 13.గుర్రం×హెచ్7 గుర్రం జి4 14.ఎఫ్4 సి×డి4 15.ఇ×డి4 బిషప్ సి5 16.బిషప్ ఇ2 గుర్రం డి–ఇ5 17.బిషప్×జి4 బిషప్×డి4+ 18.రాజు హెచ్1 గుర్రం×జి4 19.గుర్రం×ఎఫ్8 ఎఫ్5 20.గుర్రం జి6 క్వీన్ ఎఫ్6 21.హెచ్3 క్వీన్×జి6 22.క్వీన్ ఇ2 క్వీన్ హెచ్5 23.క్వీన్ డి3 బిషప్ ఇ3. తెల్ల ఓటమి ఒప్పుకుంది.

సందేహాలు మూడు. ఒకటి, 13లో గుర్రానికి బదులు బిషప్‌తో హెచ్7 బంటు కొడితే షా కూడా వస్తుంది కదా, అది ఎందుకు ఆడలేదు? రెండు, తెల్ల ఒక రూక్ ఎక్కువతో ఉండగా 19...ఎఫ్5 లాంటి నెమ్మదైన ఎత్తు ఎలా సరిపోయింది? మూడు, నా స్థాయిలో ఈ లైన్ నేర్చుకోవడం దండగా?

---

బి7_బిషప్

మూడు ప్రశ్నల కంటే ముందు ఒక విషయం పట్టుకోండి, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. 10వ ఎత్తులో బి7కి వచ్చిన బిషప్ ముందు సి6 బంటు అడ్డంగా ఉంది. 12...సి5తో ఆ బంటు తప్పుకోగానే బిషప్ చూపు బి7 నుంచి నేరుగా హెచ్1 దాకా వెళ్తుంది, దారిలో ఉన్నది జి2 బంటు ఒక్కటే. తెల్ల రాజు హెచ్1కి వెళ్ళిన క్షణం నుంచి ఆ జి2 బంటు పిన్, అంటే అది పక్కకు తప్పుకుంటే వెనకున్న రాజు షాలో పడతాడు. జి3 ఆడటానికి లేదు, జి×హెచ్3 కొట్టటానికీ లేదు. ఈ గేమ్‌లోని మాట్‌లలో సగం దీని మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు 13...గుర్రం జి4. హెచ్7 మీది గుర్రాన్ని ఎఫ్6 గుర్రంతో కొడితే, 14.బిషప్×హెచ్7+ రాజు హెచ్8 15.బిషప్ ఇ4 అని ఊరికే ఒక బంటు పోతుంది. అందుకే ఆనంద్ దాన్ని అక్కడే వదిలేసి హెచ్2 మీదికి వెళ్ళాడు. తెల్ల ఆశపడి 14.గుర్రం×ఎఫ్8 అంటే 14...బిషప్×హెచ్2+ 15.రాజు హెచ్1 క్వీన్ హెచ్4. ఇక బిషప్ జి3కి తప్పుకుంటూ క్వీన్‌తో షా ఇస్తుంది, రాజు జి1, క్వీన్ హెచ్2 మాట్. దీన్ని ఆపడానికి మొదట తోచే ఎత్తు 16.జి3, కానీ పిన్ వల్ల అది చెల్లదు. ఎఫ్1 రూక్‌ని పక్కకు జరిపి రాజుకు దారి చేస్తే ప్రాణం కొన్ని ఎత్తులు నిలుస్తుంది, అంతే. 16...బిషప్ జి3+ 17.రాజు జి1 క్వీన్ హెచ్2+ 18.రాజు ఎఫ్1 క్వీన్ హెచ్1+ 19.రాజు ఇ2 క్వీన్×జి2, ఇక ఎఫ్2 బంటు కూడా పిన్.

14.హెచ్3 కూడా చూడండి. 14...బిషప్ హెచ్2+ 15.రాజు హెచ్1 క్వీన్ హెచ్4. ఇప్పుడు 16.హెచ్×జి4 అని గుర్రాన్ని తీసేస్తే 16...బిషప్ జి3+ 17.రాజు జి1 క్వీన్ హెచ్2 మాట్.

అందుకే అరోనియన్ 14.ఎఫ్4తో డి6–హెచ్2 డయాగ్నల్ (ఏటవాలు గడుల వరుస) మూశాడు. ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంది. ఎఫ్2 ఖాళీ అయింది, 14...సి×డి4 15.ఇ×డి4తో ఇ3 కూడా ఖాళీ అయింది, కాబట్టి జి1 రాజుకూ ఎ7కూ మధ్య మిగిలిన అడ్డు డి4 బంటు ఒక్కటే. 15...బిషప్ సి5 సరిగ్గా దాని మీదికే. బిషప్‌ని 16.డి×సి5 అని కొడితే 16...గుర్రం×సి5, డి3 బిషప్ దెబ్బలో ఉంటుంది. 17.గుర్రం×ఎఫ్8 గుర్రం×డి3, దాన్ని క్వీన్‌తో కొట్టలేరు, డి8లో నల్ల క్వీన్ కాపలా ఉంది. తర్వాత ...క్వీన్ డి4+ గానీ ...క్వీన్ బి6+ గానీ వస్తుంది.

గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది 16...గుర్రం డి–ఇ5. ఎఫ్4 బంటు ఎదుటే గుర్రాన్ని పెట్టాడు, జి4 గుర్రం అప్పటికే దెబ్బలో ఉంది, సి5 బిషప్ కూడా. అయినా 17.ఎఫ్×ఇ5 ఆడితే 17...క్వీన్×డి4+ 18.రాజు హెచ్1 క్వీన్ జి1+! 19.రూక్×జి1 గుర్రం ఎఫ్2 మాట్. జి1లో క్వీన్‌ని రాజు కొట్టలేడు, సి5 బిషప్ వెనక కాస్తోంది. 17.గుర్రం×ఎఫ్8 అన్నా అదే మాట్. 16.బిషప్ ఇ2 ఆడకపోతే తెల్ల క్వీన్ సి2 నుంచి రెండో వరుస వెంట ఎఫ్2ని చూస్తూ ఉండేది. ఆ బిషప్ వచ్చి తన క్వీన్‌కే అడ్డం నిలబడింది. బోర్డు మీద పావులు పెట్టి ఈ ఒక్క స్థానం తప్పకుండా చూడండి.

---

హెచ్_ఫైల్

పైన చెప్పినవాటికి కొనసాగింపుగా 19...ఎఫ్5 గురించి.

19.గుర్రం×ఎఫ్8 తర్వాత పావులు లెక్కపెడితే తెల్లకు రెండు రూక్‌లు, బిషప్, రెండు గుర్రాలు. నల్లకు రూక్, రెండు బిషప్‌లు, గుర్రం. బంట్లు చెరి ఐదు. నిజంగానే ఒక రూక్ తేడా. ఇక్కడ చాలామంది చెయ్యి 19...క్వీన్ హెచ్4 మీదికి పోతుంది, హెచ్2లో మాట్ కనబడుతుంది కాబట్టి. దానికి 20.క్వీన్ హెచ్7+! సి2–హెచ్7 డయాగ్నల్ తెరిచే ఉంది, ఎఫ్8 గుర్రం హెచ్7ని కాస్తోంది. 20...క్వీన్×హెచ్7 21.గుర్రం×హెచ్7 రాజు×హెచ్7తో క్వీన్లు పోయి మాట్ బెదిరింపు ముగుస్తుంది, తెల్లకు బిషప్‌కు బదులు రూక్ ఉంటుంది. 20...రాజు×ఎఫ్8 అయితే 21.క్వీన్×హెచ్4.

19...ఎఫ్5 ఆ డయాగ్నల్‌కి తలుపు వేసింది. ఇక హెచ్7 షా లేదు. జి4 గుర్రానికి బంటు అండ కూడా దొరికింది. ఎఫ్8 గుర్రం ఎటూ పోయేది కాదు, దాన్ని కొట్టడానికి తొందర లేదు. 20.గుర్రం×ఇ6 అని ఒకే ఎత్తులో క్వీన్‌నీ డి4 బిషప్‌నీ బెదిరించినా 20...క్వీన్ హెచ్4 21.హెచ్3 క్వీన్ జి3, హెచ్2లో మాట్ బెదిరింపు. 22.హెచ్×జి4 క్వీన్ హెచ్4 మాట్. 22.గుర్రం×డి4 అన్నా క్వీన్ హెచ్2 మాట్. అందుకే అరోనియన్ 20.గుర్రం జి6తో హెచ్4 గడిని కాపాడాడు. ఆ గుర్రాన్ని తరుముతూ 20...క్వీన్ ఎఫ్6, ఆపైన 21.హెచ్3 క్వీన్×జి6. ఇప్పుడు 22.హెచ్×జి4 అయితే 22...క్వీన్ హెచ్6 మాట్, ఎందుకంటే డి4 బిషప్ జి1ని మూసేసింది, హెచ్ ఫైల్‌లో (నిలువు వరుసలో) అడ్డు పెట్టడానికి తెల్లకు ఒక్క పావు కూడా లేదు.

దాడిలో ఉన్నప్పుడు ముందు అవతలివాడి ఒక్క మంచి షా ఏదో వెతకాలి, దాన్ని మూసే ఎత్తు ఉంటే ముందు అది ఆడాలి. ఇక్కడ ఆ షా హెచ్7, మూసే ఎత్తు ఎఫ్5.

ఇంకో మాట. ఈ గేమ్‌ని రోట్లెవీ–రూబిన్‌స్టీన్, లోడ్జ్ 1907 గేమ్ పక్కన పెట్టుకుని చూడండి. రెండు బిషప్‌లూ పక్కపక్క డయాగ్నల్స్ మీద రాజువైపు గురిపెట్టడం, జి4లో గుర్రం, హెచ్ ఫైల్ మీదికి బరువైన పావు రావడం, అన్నీ ఉంటాయి. 6...డి×సి4, 7...బి5 పద్ధతికి మెరాన్ అనే పేరు వచ్చింది కూడా 1924లో ఇటలీలోని మెరాన్‌లో గ్రూన్‌ఫెల్డ్ మీద ఇదే రూబిన్‌స్టీన్ ఆడిన గేమ్ వల్లే. అన్నట్టు 2013 టాటా స్టీల్ ఎ గ్రూపులో మన గుంటూరు పెంటల హరికృష్ణ కూడా ఆడారు, అంతకు ముందు ఏడాది బి గ్రూపు గెలిచి వచ్చారు.

---

డి5_సి6_ఇ6

చాలా ధన్యవాదాలు అండీ. 16.బిషప్ ఇ2 తన క్వీన్‌కే అడ్డమన్న సంగతి నాకు తట్టనేలేదు. 13.బిషప్×హెచ్7+ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? నాకు ఎదురయ్యేది ఎక్కువగా అదేనేమో అనిపిస్తోంది.

---

సి_ఫైల్_రూక్

అవును, మీ స్థాయిలో షా ఉన్న ఎత్తే ముందు ఆడతారు. కాబట్టి దీన్నే ఎక్కువ చూసుకోవాలి.

13.బిషప్×హెచ్7+ రాజు హెచ్8. బిషప్‌ని అక్కడే వదిలేస్తే ...జి6 వస్తుంది, జి6లో దాన్ని ఇచ్చేస్తే మొత్తం మూడు బంట్లకు ఒక పావు. అది దాడి కోరుకునేవాళ్ళ దారి, విడిగా లెక్క వేసుకోండి. సాధారణంగా వచ్చేది 14.బిషప్ ఇ4. 14...బిషప్×ఇ4.

ఇక్కడ వరుస ముఖ్యం. 15.జి5 గుర్రంతో ఇ4 కొట్టాక వెంటనే 15...సి×డి4 ఆడొద్దు. సి ఫైల్ తెరుచుకుని సి3 గుర్రం పిన్ అయినట్టే కనబడుతుంది గానీ 16.గుర్రం×డి6 డి×సి3 17.గుర్రం×సి8తో రూక్ పోతుంది, మీకు దక్కేది గుర్రం. ముందు 15...గుర్రం×ఇ4 16.గుర్రం×ఇ4, ఆ తర్వాతే 16...సి×డి4. ఇప్పుడు సి8 రూక్ నేరుగా సి2 క్వీన్‌ని చూస్తోంది. 17.గుర్రం×డి6 ఆడితే 17...రూక్×సి2 18.గుర్రం×ఎఫ్7+ రూక్×ఎఫ్7, క్వీన్ పోయినట్టే. 15.సి3 గుర్రంతో ఇ4 కొట్టినా మీరు ...గుర్రం×ఇ4 ఆడితే ఇదే స్థానం వస్తుంది.

క్వీన్ ఎటు వెళ్తుందన్నదే ప్రశ్న. 17.క్వీన్ డి1 అయితే 17...బిషప్×హెచ్2+ 18.రాజు×హెచ్2 క్వీన్ హెచ్4+ 19.రాజు జి1 క్వీన్×ఇ4, పావులు సరిసమానం, నల్లకు ఇబ్బందేమీ లేదు. 17.క్వీన్ డి3 మెరుగైన ఎత్తు, ఇ4 గుర్రానికి కాపలా కాబట్టి పై బలి చెల్లదు. దానికి 17...డి×ఇ3 ఆడొద్దు, 18.గుర్రం×డి6 ఒకేసారి సి8నీ ఎఫ్7నీ బెదిరిస్తుంది. 17...గుర్రం సి5 ఆడాలి. 18.గుర్రం×డి6 అంటే 18...గుర్రం×డి3 19.గుర్రం×సి8 క్వీన్×సి8తో నల్లకు లాభం. తెల్ల జాగ్రత్తగా 18.క్వీన్×డి4 గుర్రం×ఇ4 19.క్వీన్×ఇ4 ఆడితే తెల్లకు ఒక బంటు మిగులుతుంది, అయితే సి1 బిషప్, ఎ1 రూక్ ఇంకా కదలనేలేదు. మీ చేతిలో సి ఫైల్, క్వీన్ సి7తో హెచ్2 మీద ఒత్తిడి. ఈ స్థానం నచ్చకపోతే 11...రూక్ సి8 బదులు 11...ఎ6 చూడండి, అదీ బాగా ఆడుతున్న ఎత్తే. ఏదైనా, 12...సి5 బోర్డు మీద కూర్చుని కనిపెట్టే ఎత్తు కాదు. ఇంట్లో సిద్ధం చేసుకుంటేనే ఆడండి.

ఇక టోర్నీకి ముందు ఓపెనింగ్‌లో అసలు పట్టాల్సినవి. 6...డి×సి4 ఎప్పుడూ బిషప్ డి3కి వచ్చాకే. ముందే కొడితే ఎఫ్1 బిషప్ ఒక్క ఎత్తులో సి4కి వస్తుంది, మీరు ఒక ఎత్తు పోగొట్టుకున్నట్టు.

8...బిషప్ డి6 ఆడాక 9.ఇ4 వస్తే ఆలోచించకుండా 9...ఇ5. పొరపాటున 9...0–0 అన్నారా, 10.ఇ5 ఒక బంటుతో డి6 బిషప్‌నీ ఎఫ్6 గుర్రాన్నీ కలిపి పట్టుకుంటుంది. ఒక పావు పోయినట్టే. ఈ లైన్‌లో కొత్తవాళ్ళు ఓడిపోయేది ఆనంద్ గేమ్‌లోని లోతుల దగ్గర కాదు, ఇక్కడే.

11.ఎ3 వెనక ఉద్దేశం బి4 ఆడి మీ ...సి5ని ఆపడం. 12.బి4 వస్తే 12...ఎ5తో వెంటనే బి4ని గుంజండి. ఊరుకుంటే సి6 బంటు శాశ్వతంగా వెనకబడి, బి7 బిషప్ దాని వెనక ఖైదు. మెరాన్‌లో నల్ల ఎత్తులన్నీ ...సి5 కోసమే. అది రాకపోతే ముందు ఆడిన ...బి5 బలహీనతే అవుతుంది.

---

బి7_బిషప్

మూడో ప్రశ్నకు. దండగ కాదు, కానీ మెరాన్ దాకా మీ ప్రత్యర్థి రావాలి కదా. మధ్యలో దిగిపోయే స్టేషన్లు చాలా ఉన్నాయి, వాటికి సిద్ధంగా లేకుండా 20 ఎత్తుల మెరాన్ కంఠస్థం చేసి లాభం లేదు.

3.సి×డి5 సి×డి5 ఎక్స్‌ఛేంజ్‌కి గుర్రం సి6, బిషప్ ఎఫ్5, ఇ6. బిషప్ బయటికి వచ్చాకే ఇ6 అన్నది మరవద్దు. 5.బిషప్ జి5 వస్తే 5...డి×సి4తో మొదలయ్యే బాట్విన్నిక్ లైన్ జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు, అక్కడ ఒక్క ఎత్తు మరిచిపోతే గేమ్ పోతుంది. 5...గుర్రం బి–డి7 6.ఇ3 క్వీన్ ఎ5 కేంబ్రిడ్జ్ స్ప్రింగ్స్ పట్టుకోండి. సి3 గుర్రం పిన్, తర్వాత ...బిషప్ బి4, ...గుర్రం ఇ4, అంతా ఒకే గడి మీద ఒత్తిడి కాబట్టి గుర్తుంటుంది. 5.ఇ3 గుర్రం బి–డి7 తర్వాత 6.క్వీన్ సి2 బిషప్ డి6 7.జి4 షబలోవ్ దాడి వస్తే 7...గుర్రం×జి4 8.రూక్ జి1 క్వీన్ ఎఫ్6 9.రూక్×జి4 క్వీన్×ఎఫ్3 10.రూక్×జి7 దాకా తెలిసి ఉండాలి. అది వద్దనుకుంటే 7...హెచ్6 ఆడి జి5ని అడ్డుకోండి.

మొదటి నాలుగు ఎత్తుల వరుస మీరు రాసినట్టే ఉంచండి. 2...ఇ6 తర్వాత సి6కి వెళ్ళే వరుసలో 4.ఇ4 మార్షల్ గాంబిట్ ఎదురవుతుంది, మీ వరుసలో అది రాదు.

సాధనకు ఈ గేమ్ నుంచి మూడు స్థానాలు తీసుకోండి: 13.గుర్రం×హెచ్7 తర్వాత, 16.బిషప్ ఇ2 తర్వాత, 19.గుర్రం×ఎఫ్8 తర్వాత. నల్ల ఎత్తు. ఇంజన్ (ఎత్తులు లెక్కవేసే చెస్ ప్రోగ్రామ్) మూసేసి, ఒక్కోదానికి పదేసి నిమిషాలు బోర్డు ముందు కూర్చుని లైన్లు కాగితం మీద రాయండి. ఆ తర్వాతే ఇంజన్ తెరవండి. ఇంజన్ మొదటి ఎత్తు చూసి తల ఊపితే జి2 పిన్ మీ కంటికి అలవాటు కాదు.

---

డి5_సి6_ఇ6

అన్నీ రాసుకున్నాను. ఆఖరిగా ఒకటి. 23...బిషప్ ఇ3 దగ్గర తెల్ల వెంటనే ఎందుకు వదిలేసింది? 24.హెచ్×జి4 అని గుర్రాన్ని కొడితే?

---

హెచ్_ఫైల్

అది చెల్లని ఎత్తు. హెచ్5 క్వీన్ ముందు హెచ్3 బంటు కూడా పిన్. అది జి4కి వెళ్తే హెచ్1 రాజు షాలో పడతాడు. అంటే ఈ స్థానంలో జి2 బంటు బి7 బిషప్‌కీ, హెచ్3 బంటు హెచ్5 క్వీన్‌కీ కట్టుబడి ఉన్నాయి.

23.క్వీన్ డి3 ఆడింది మూడో వరుస వెంట హెచ్3ని కాపాడటానికి. 23...బిషప్ ఇ3 ఆ వరుసను మధ్యలో తెంచింది, ఇ3 నుంచి జి1ని కూడా మూసే ఉంచింది. బెదిరింపు క్వీన్×హెచ్3 మాట్. 24.బిషప్×ఇ3 అంటే అదే గడిలో తెల్ల బిషప్ తన క్వీన్‌కి అడ్డు, 24...క్వీన్×హెచ్3+ 25.రాజు జి1 క్వీన్ హెచ్2 మాట్. 24.క్వీన్×ఇ3 అంటే 24...గుర్రం×ఇ3తో క్వీన్ పోయింది, 25.బిషప్×ఇ3 కొట్టినా 25...క్వీన్×హెచ్3+ 26.రాజు జి1 క్వీన్×జి2 మాట్.

టోర్నీలో పనికొచ్చే సంగతి: క్లాసికల్ గేమ్‌లో ఎవరైనా కంగారులో 24.హెచ్×జి4 ఆడి గడియారం నొక్కితే గడియారం ఆపి ఆర్బిటర్‌ని (టోర్నీ నిర్ణేతని) పిలవండి. మొదటి చెల్లని ఎత్తుకు మీ గడియారానికి 2 నిమిషాలు కలుపుతారు, అదే ఆటగాడు రెండోసారి చేస్తే గేమ్ పోగొట్టుకుంటాడు. ముట్టిన పావు నియమం కూడా వర్తిస్తుంది. హెచ్3 బంటును ముట్టాడు కాబట్టి దానితో చెల్లే ఎత్తు ఉంటే అదే ఆడాలి. ఉన్నది ఒక్కటే, 24.హెచ్4. జవాబు 24...క్వీన్×హెచ్4 మాట్.